ఉప్పుమళ్ళ కుమ్మరి బెర్నార్ పాలిసీ

ఉగాదినాడు మన ఇళ్ళలో పచ్చడి కొత్త కుండలో కలుపుతాము. ఆ కుండకు కాస్త దూరంలోనే, అటకమీదనో అలమరలోనో, ఊరగాయ జాడీ ఉంటుంది. రెండూ మట్టితో చేసి బట్టీలో కాల్చినవే. కాని కుండకు చెమట పడుతుంది, జాడీకి పట్టదు. కుండలోని నీరు పైకి ఊరి చల్లబడుతుంది. జాడీలోని నూనె ఏడాదిపాటు చుక్క బయటికి రాదు. జాడీమట్టిని బిరుసుగా కాల్చడమూ, దాని ఒంటిమీద పలుచని గాజుపొర ఉండడమూ ఇందుకు కారణాలు. మెరుగుపూత అనండి, గాజుపూత అనండి, ఆ పొర మనకు ఎంత అలవాటయిందంటే దాన్ని ఒకరు కష్టపడి నేర్చుకొన్నారన్న ఊహే రాదు.

మన సంఘం సంచికకు ఒక చరిత్రవ్యాసం వ్రాస్తానని నేను ఒప్పుకొన్నప్పుడు పెద్దలొకరు నవ్వుతూ, "మెట్రిక్యులేషనుతో ఆగిపోయి పార్సిలు ఆఫీసులో చీటీలు వ్రాసుకొనేవాడివి, ఐరోపా చరిత్ర నీకెందుకోయ్" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాని నేను వ్రాయబోయే మనిషి కూడా పెద్ద చదువులు చదివినవాడు కాడు. లాటిన్ రాదు, గ్రీకు రాదు. ఆ సంగతి తన పుస్తకంలో తానే దాచుకోకుండా చెప్పుకొన్నాడు. పేరు బెర్నార్ పాలిసీ. ఇంట్లో ఈ పేరు చెప్పగానే, "ఏ కంపెనీ పాలసీ, ఎన్నేళ్ళకు ముగుస్తుంది?" అని అడిగారు. ఆ పాలసీ కాదు. 1510 ప్రాంతంలో ఫ్రాన్సుదేశపు నైరుతిభాగంలో పుట్టి, పాములను, పీతలను, గవ్వలను, కప్పలను మట్టిలో పోతపోసి, వాటికి ప్రాణమున్నట్టే రంగులు తెప్పించిన కుమ్మరి ఆయన.

నిజానికి ఆయన పుట్టుకతో కుమ్మరి కూడా కాడు. మొదట నేర్చుకొన్నది చర్చి కిటికీలకు రంగుల గాజు అమర్చే పని. ఆ విద్య పట్టుకొని ఊరూరా తిరిగి, 1540 ప్రాంతంలో సాంత్ అనే పట్టణంలో స్థిరపడ్డాడు. శారాంత్ నది ఒడ్డున ఉన్న ఊరది. అక్కడినుంచి పడమరకు పోతే అట్లాంటిక్ సముద్రతీరం, ఉప్పుమళ్ళు, ఒలెరాన్ దీవి వస్తాయి. ఆ ప్రాంతానికి సాంతోంజ్ అని పేరు. పాలిసీ అక్కడికి వలస వచ్చినవాడే. గాజుపనికి గిరాకీ తగ్గగా బొమ్మలు వేశాడు, భూముల కొలత పనిచేశాడు. ఒక్క పనితో ఇల్లు గడవక మూడు పనులు చేసే మనుషులను మనమూ ఎరుగుదుము.

ఆ రోజుల్లో ఎవరో ఆయనకు ఒక మట్టిగిన్నె చూపించారు. తెల్లని మెరుగుతో ఎంతో అందంగా ఉన్నదట. అది ఇటలీదని కొందరు, చీనాదని కొందరు, ఫ్రాన్సులోనే చేసినదని మరికొందరు నేటికీ వాదించుకొంటున్నారు. ఎక్కడిదయితేనేమి, పాలిసీ బ్రతుకు దాంతో మళ్ళింది. ఆ తెల్లని పూత ఎట్లా చేస్తారో తెలుసుకోవాలని పట్టుబట్టాడు.

రహస్యం ఇప్పుడు చెప్పుకొంటే నాలుగు ముక్కలే. ఇసుకను కరిగించి గాజు చెయ్యాలంటే చాలా వేడి కావాలి. అందులో సీసపు భస్మం కలిపితే తక్కువ వేడికే కరిగి మట్టిమీద పరుచుకొంటుంది. తగరపు భస్మం చేరిస్తే ఆ గాజు పారదర్శకంగా ఉండక పాలవలె తెల్లబడుతుంది. రాగి వేస్తే పచ్చన, కోబాల్టు వేస్తే నీలం, మాంగనీసు వేస్తే ఊదా, గోధుమరంగులు, ఇనుము వేస్తే పసుపు, ఎరుపుడాలు రంగులు వస్తాయి. ఈ నాలుగు ముక్కలు చెప్పేవాడు పాలిసీకి లేడు. తెలిసిన కార్ఖానాలవాళ్ళు ఇంటి గుట్టుగా దాచుకొన్నారు. ఈయనకు బట్టీ కట్టడం తెలియదు, మట్టి పదును తెలియదు. కుండపెంకులు కొని, పగలగొట్టి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క మందు పూసి, నంబర్లు వేసి, ఏ ముక్కకు ఏ పాలు వేశాడో కాగితంమీద వ్రాసుకొని కాల్చేవాడు. ఈ నంబర్లు వేసుకోవడం మాత్రం నావంటి గుమాస్తాకు ఎంతో నచ్చింది.

ఏళ్ళు గడిచాయి. ఒక ముక్కా మెరుగెక్కలేదు. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు 1543 ప్రాంతంలో రాజుగారి మనుషులు సాంతోంజ్ ఉప్పుమళ్ళు కొలిచి పటాలు వ్రాసే పని ఆయనకు అప్పగించారు. ఉప్పుమీద పన్ను విధించడానికి ఆ కొలతలు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. బరంపురంనుంచి ఖుర్దారోడ్డువైపు రైలులో పోయేవాళ్ళు గంజాం దాటాక హుమ్మా దగ్గర కిటికీలోనుంచి ఉప్పుమళ్ళు చూసేవుంటారు. సముద్రపునీరు ఒక మడిలోనుంచి మరొక మడిలోకి పారుతూ, ఎండకూ గాలికీ చిక్కబడుతూ, చివరిమడిలో తెల్లగా పేరుకొంటుంది. సాంతోంజ్ తీరంలోని పద్ధతి కూడా స్థూలంగా ఇదే. పోటు వచ్చినప్పుడు నీటిని తూములద్వారా లోపలికి వదలి, మలుపులు మలుపులుగా కాలువలలో నడిపి, లోతు తక్కువ మళ్ళలో ఎండబెడతారు. పాలిసీ తన పుస్తకంలో ఉప్పుమీద ఒక అధ్యాయమే వ్రాసి, ఆ మళ్ళ కట్టుబడిని వివరించాడు. గొలుసు పట్టుకొని ఆ గట్లవెంట తిరిగిన మనిషికి కాళ్ళక్రింద ఏమేమి కనబడతాయి? పీతలు, నత్తలు, ఆల్చిప్పలు, నాచు, రెల్లు, ఆటు వచ్చినప్పుడు గుంటల్లో చిక్కిన చిన్నచేపలు. కార్ఖానాలో కూర్చుని నేర్చినవాడయితే పూలూ తీగెలూ దేవదూతలూ చేసుకొనేవాడని, ఆ ఉప్పుగట్లే ఆయన చేతిని ఇటు తిప్పాయని నా ఊహ. చరిత్రకారులు ఒప్పుకొంటారో లేదో గాని, హుమ్మా గట్లమీద నడిచినప్పుడల్లా నాకు అట్లాగే తోస్తుంది.

ఉప్పుపన్ను కథ అంతటితో పోలేదు. 1548లో ఆ ప్రాంతపు రైతులు, ఉప్పువాళ్ళు పన్నుమీద తిరగబడ్డారు. మోంమోరాన్సీ అనే సేనాధిపతి సైన్యంతో వచ్చి బోర్దో నగరంలో ఆ తిరుగుబాటును క్రూరంగా అణచివేశాడు. 1930లో ఉప్పుకోసం జైళ్ళకు వెళ్ళిన దేశంవాళ్ళం గనుక ఆ ప్రజల మంట మనకు తెలుసు. విచిత్రం ఏమంటే, పాలిసీ పనితనం చూసి మెచ్చుకొని, తరువాత ఆయనకు కొండంత అండగా నిలిచింది ఆ మోంమోరాన్సీయే.

కొలతపని డబ్బు చేతికి రాగానే పాలిసీ మళ్ళీ పెంకుల దగ్గర కూర్చున్నాడు. గాజుబట్టీలో పెట్టిన ముక్కల్లో ఒకటి తెల్లగా, నున్నగా కరిగి వచ్చింది. ఇక ఇంటిదగ్గరే బట్టీ కట్టుకోవాలని, ఇటుకలు వీపుమీద మోసి, తానే అడుసు కలిపి, తానే నీళ్ళు తోడి కట్టాడు. తరువాతిది లోకంలో అందరూ చెప్పుకొనే ఘట్టం. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు బట్టీముందునుంచి లేవకుండా మంట పెట్టినా పూత కరగలేదు. కట్టెలు అయిపోయాయి. తోటలోని పందిరిగుంజలు పీకి వేశాడు. అవీ అయిపోతే ఇంట్లోని బల్లలు, చివరికి నేలకు పరిచిన పలకలు కూడా ఊడదీసి బట్టీలో వేశాడు. ఊరివాళ్ళు పిచ్చివాడన్నారు. దొంగనాణేలు పోతపోస్తున్నాడని కూడా అన్నారు.

మా నాన్నగారి పాత ఇంగ్లీషు పుస్తకాల్లో శామ్యూల్ స్మైల్స్ 1859లో అచ్చువేసిన 'సెల్ఫ్ హెల్ప్' ఒకటి ఉండేది. అందులోని ఈ కథ మాకు పరీక్షలముందు చెప్పేవారు. పట్టుదల అంటే అదిరా అనేవారు. చిన్నప్పుడు నేనూ అట్లాగే విన్నాను. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, నెలాఖరు రోజులు ఎట్లా ఉంటాయో తెలిశాక, ఆ కథలో నాకు పాలిసీ భార్య కనబడడం మొదలుపెట్టింది. ఆమె తనను దెప్పిపొడిచిందని, ఇంట్లో ఓదార్పు దొరకలేదని పాలిసీ వ్రాసుకొన్నాడు. పుస్తకాలు చదివినవాళ్ళు నాలుగువందల ఏళ్ళుగా ఆయన మాటే విని ఆమెను గయ్యాళి అన్నారు. పిల్లలకు బువ్వ పెట్టవలసిన తల్లి, కాళ్ళక్రింది పలకలు ఊడదీసి మంటలో వేస్తూంటే ఏమనాలి? నమస్కారం పెట్టాలా? పాలిసీ గొప్పతనానికి ఆ ఇల్లు చెల్లించిన ఖరీదు ఆయన లెక్కల్లో ఎక్కడా పడలేదని నా అభిప్రాయం. సహాయానికి పెట్టుకొన్న కుమ్మరికి జీతం ఇవ్వలేక ఒంటిమీద బట్టలు ఇచ్చాడని మాత్రం వ్రాశాడు.

మరొక బట్టీలో, అడుసులోని చెకుముకిరాళ్ళు వేడికి పేలి, ఆ ముక్కలు కరుగుతున్న పూతకు అంటుకొని క్షౌరపు కత్తులవలె నిలిచాయి. అటువంటి సామాను కూడా చవకగా కొంటామని వచ్చినవాళ్ళు ఉన్నారు. అప్పుల్లో ఉన్నా ఆయన అమ్మలేదు. పేరు చెడుతుందని అన్నిటినీ పగలగొట్టాడు. పార్సిలు ఆఫీసులో 'గాజుసామాను, జాగ్రత్త' అన్న చీటీ ఉన్న పెట్టె విప్పి, లోపల పగిలిన సామాను చూసిన యజమాని ముఖం నేను చాలామార్లు చూశాను. తనంతట తాను పగలగొట్టుకొన్నవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఊహకు అందదు.

ఇట్లా పదిహేను పదునారేళ్ళు గడిచాక ఆయనకు పేరు తెచ్చిన సామాను తయారయింది. గ్రామీణ మట్టిశిల్పాలు అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టుకొన్నాడు. మూరెడు పైచిలుకు పొడుగున్న కోడిగుడ్డు ఆకారపు పళ్ళెం ఊహించుకోండి. నడుమ చిన్న దిబ్బ. దానిమీద చుట్టచుట్టుకొన్న పాము. చుట్టూ పారుతున్న నీరు; నీటిలో చేపలు. అంచున కప్పలు, బల్లులు, రొయ్యజాతి జీవాలు, గవ్వలు, ఆల్చిప్పలు, నడుమనడుమ ఆకులు. అన్నం పెట్టుకొని తినే పళ్ళెం కాదు, చూసుకొనేది.

ఇవి చేతితో మలచినవి కావు. చచ్చిన పామును, కప్పను, నిజమైన గవ్వను, నిజమైన ఆకును పళ్ళెంమీద తనకు నచ్చిన వరుసలో అమర్చి, పైన సుద్దముద్ద పోసి అచ్చు తీసేవాడు. ఆ అచ్చులో మట్టి అదిమి, ఆరాక కాల్చి, రంగుల గాజుపూత వేసి మళ్ళీ కాల్చేవాడు. పాముపొలుసు పొలుసుగా, ఆకు ఈనె ఈనెగా దిగుతుంది. ఇది శిల్పమా, నకలా అని అడిగినవాళ్ళు ఉన్నారు. అచ్చు ఆకారం ఇస్తుంది గాని రంగు ఇవ్వదు. ఒకే పళ్ళెంమీద నాలుగైదు రంగులు ఉంటే, ఒక్కొక్కటి ఒక్కొక్క వేడికి కరుగుతుంది. బల్లుల పచ్చరంగు మాడిపోయేవేళకు పాముల రంగు ఇంకా కరిగేది కాదని, పాములూ పీతలూ తాబేళ్ళూ మెరుగెక్కేవేళకు తెలుపు ఇంకా పచ్చిగానే ఉండేదని ఆయన వాపోయాడు. అన్ని రంగులూ ఒకే మంటకు, ఒకే క్షణంలో పండేట్టు పాళ్ళు కుదర్చడమే ఆ పదునారేళ్ళ తపస్సు. నకలు తీసేవాడికి అంత తపస్సు ఎందుకు?

ఈలోపల దేశంలో మతకలహాలు రేగాయి. పాలిసీ ప్రొటెస్టెంటు మతం పుచ్చుకొన్నవాడు. సాంత్‌లో ఆ సమాజం నిలబెట్టినవారిలో ఒకడు. 1562లో యుద్ధం మొదలయ్యాక ఆయనను పట్టుకొని బోర్దో చెరసాలలో పెట్టారు. సాంత్‌లోని పనిశాలను పాడుచేశారు. అప్పుడు అడ్డుపడినవాడు మోంమోరాన్సీ. ఆయన స్వయంగా కాథలిక్కు, అయినా రాజమాతకు చెప్పి పాలిసీకి రాజుగారి మట్టిశిల్పి అన్న బిరుదు ఇప్పించాడు. రాజుగారి మనిషి గనుక బోర్దో న్యాయస్థానం చెయ్యి ఇక ఆయనమీద పడలేదు. 1563లో పాలిసీ మొదటి పుస్తకం లా రోషెల్ రేవుపట్టణంలో అచ్చయింది.

తరువాత పారిసు చేరాడు. రాజమాత కేథరిన్ ది మెడిచి కట్టిస్తున్న త్విలరీ భవనపు తోటలో ఒక గుహ నిర్మించడానికి పిలిపించింది. త్విలరీ అన్న పేరే అక్కడ పూర్వం ఉన్న పెంకుబట్టీలనుబట్టి వచ్చింది. రాళ్ళూ, గవ్వలూ, పాములూ, నీళ్ళు జాలువారే గోడలూ, అంతా మెరుగుమట్టితో చెయ్యాలి. ఆ గుహ నేడు లేదు. అయితే 1980ల దశకంలో లూవ్ర్ మ్యూజియం విస్తరణకోసం తవ్వినప్పుడు ఆ పనిశాల చోటు బయటపడింది. వేలకొద్దీ పెంకులు, సుద్ద అచ్చులు దొరికాయి. పుస్తకంలో చెప్పిన పద్ధతి నిజమేనని ఆ అచ్చులు సాక్ష్యం చెప్పాయి. అప్పటికే యూరపు మ్యూజియాలన్నిటిలో 'పాలిసీ పళ్ళెం' అని పేరు పెట్టినవి చాలా ఉండేవి. వాటిలో ఆయన చేతివని గట్టిగా చెప్పదగినవి బహుకొద్ది అని పండితులు ఇప్పుడు అంటున్నారు. 1572 ఆగస్టులో పారిసులో ప్రొటెస్టెంటులను ఊచకోత కోసినప్పుడు పాలిసీ బ్రతికి బయటపడి, కొంతకాలం సెడాన్ పట్టణంలో తలదాచుకొని తిరిగివచ్చాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతికి వస్తాను. మేము గోపాలపురం సముద్రానికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి గవ్వలు ఏరి గౌనులో నింపుకొస్తుంది. ఒకసారి అడిగింది: "నాన్నా, ఇవి రాళ్ళా, పురుగులా?" పదహారవ శతాబ్దపు పండితులకు సరిగా ఈ ప్రశ్నే వచ్చింది. సముద్రానికి ఎంతో దూరంలో, కొండరాళ్ళ నడుమ గవ్వల ఆకారాలు దొరుకుతున్నాయి. అవి భూమి తనంతట తాను ఆడుకొంటూ చేసిన బొమ్మలని కొందరు, నోవా నాటి ప్రళయపు నీళ్ళు మోసుకొచ్చి పడవేసినవని మరికొందరు. 1575లో పాలిసీ పారిసు వీథులలో ప్రకటనకాగితాలు అంటించాడు. నీళ్ళను గురించి, రాళ్ళను గురించి, మట్టిని గురించి తాను కనిపెట్టినది చెబుతాను, ప్రవేశరుసుము ఒక ఎకూ నాణెం, చెప్పినదాంట్లో అబద్ధం చూపినవారికి నాలుగింతలు తిరిగి ఇస్తాను అన్నాడు. లాటిన్ చదివినవాళ్ళు వచ్చి తప్పుపట్టాలనే అంత రుసుము పెట్టాడు. వైద్యులు వచ్చారు. నాటి మహాశస్త్రవైద్యుడు అంబ్రోజ్ పారే కూడా వచ్చాడు. రుసుము తిరిగి ఇవ్వవలసిన అవసరం ఎన్నడూ రాలేదని పాలిసీ తరువాత వ్రాసుకొన్నాడు. 1584దాకా ఆ ఉపన్యాసాలు సాగాయి. 1580లో పుస్తకంగా కూడా వచ్చాయి.

ఆయన వాదం ఇది. రాతిలోని గవ్వ నిజమైన గవ్వే. ఒకప్పుడు అందులో ప్రాణి ఉండేది. అది ప్రళయంలో కొట్టుకొచ్చినది కాదు. అక్కడ నీరు ఉన్నప్పుడు అక్కడే పుట్టి, పెరిగి, బురదలో చిక్కి, బురదతోపాటు రాయి అయింది. నేటి తీరాలలో కనబడని జాతుల గవ్వలు రాళ్ళలో కనబడడం కూడా గమనించి, ఎక్కువగా పట్టి తినడంవల్ల ఆ జాతులు నశించి ఉంటాయని అన్నాడు. ఇది ఆయనకు ఎట్లా తెలిసింది? అచ్చు తీసే చేతికి తెలిసింది. గవ్వను సుద్దలో ఎన్నిమార్లు అద్దాడో, దాని చుట్టలు ఎన్ని, పెదవి ఎటు తిరిగింది, ప్రాణి పెరిగినకొద్దీ ఏ గీత తరువాత ఏ గీత వచ్చింది, అన్నీ వ్రేళ్ళకు తెలుసు. రాతిలోనివి అవే గీతలు. ఇంకొక సంగతి: ఆయనవిగా చెప్పే పళ్ళేలమీది గవ్వల్లో కొన్ని బ్రతికున్న జాతులవి కావని, పారిసు పరిసరాల రాళ్ళలో దొరికే శిలాజపు గవ్వలనే అచ్చుతీశాడని పరిశీలకులు గుర్తించారు. చచ్చి రాయి అయిన గవ్వను తెచ్చి, మళ్ళీ మట్టినీటి అంచున పెట్టి, దానికి తడి మెరుపు తెప్పించాడన్నమాట.

ఇటలీలో లియొనార్డో ఇవే ఆలోచనలు అంతకుముందే చేశాడు గాని, అవి ఆయన నోటుపుస్తకాల్లోనే ఉండిపోయాయి. పాలిసీ మాటలు అచ్చయినా పండితులు చాలాకాలం పట్టించుకోలేదు. 1720లో ఫ్రెంచి శాస్త్రపరిషత్తు కార్యదర్శి ఫోంతెనెల్ ఆ పరిషత్తు చరిత్రలో, లాటిన్ గ్రీకు రాని ఒక కుమ్మరి పండితులందరి ఎదుట ఈ నిజం చెప్పే ధైర్యం చేశాడని వ్రాశాడు. చనిపోయిన నూటముప్పై ఏళ్ళకు వచ్చిన సర్టిఫికెట్టు.

పళ్ళేల గిరాకీ మాత్రం పందొమ్మిదవ శతాబ్దంలో మళ్ళీ వచ్చింది. తూర్ నగరంలో అవిసో అనే కుమ్మరి ఏళ్ళకొద్దీ కష్టపడి ఆ రంగులు మళ్ళీ పట్టాడు. ఇంగ్లండులో మింటన్ కార్ఖానా ఆ తరహా సామాను చేసింది. పోర్చుగల్ దేశంలో కల్దాస్ ద రైన్యా అనే ఊరిలో 1884లో బోర్దాలో పిన్యేరో అనే చిత్రకారుడు కార్ఖానా పెట్టి చేపలు, పీతలు, ఆకుకూరలు అన్నీ మట్టిలో చేయించాడు.

పాలిసీ చివరిరోజులు బాగా గడవలేదు. ప్రొటెస్టెంటులు మతమైనా మార్చుకోవాలి, దేశమైనా విడవాలి అన్న శాసనం వచ్చింది. ఆయన రెండూ చెయ్యలేదు. అప్పటికి డెబ్బదిఅయిదు దాటాయి. పట్టుకొన్నారు, వదిలారు, 1588లో మళ్ళీ పట్టుకొన్నారు. రాజు మూడవ హెన్రీ స్వయంగా చెరసాలకు వచ్చి మతం మార్చుకోమని బ్రతిమాలాడని, కుమ్మరి గొప్పగా జవాబిచ్చాడని ఒక కథ ఉన్నది. అది తరువాతివాళ్ళు అల్లినదని పలువురి అభిప్రాయం. నేనూ దాన్ని నమ్మను. నమ్మదగినది పియేర్ ద లెస్త్వాల్ అనే పారిసు ఉద్యోగి దినచర్యలో వ్రాసుకొన్నది. ఆయనా ఒక విధంగా గుమాస్తాయే, కచ్చేరీ కాగితాల మనిషి. 1590లో పాలిసీ బాస్తీల్ కోటలో ఆకలి, చలి, అవమానాలతో చనిపోయాడని వ్రాశాడు. మరునాడు చూడబోయిన ఆప్తురాలితో, శవాన్ని కోటగోడమీద కుక్కలతోపాటు పడవేశామని చెప్పారట.

చనిపోయేముందు ఆ ముసలాయన తనకు రెండు రాళ్ళు ఇచ్చాడని లెస్త్వాల్ వ్రాశాడు. ఒకటి కాలక్రమాన రాయిగా మారిన మనిషితల అని పాలిసీ చెప్పేవాడు. రెండోది ఆయన తన పనిలో వాడుకొనే రాయి. రెండూ ఇప్పుడు తన బీరువాలో ఉన్నాయని, ఆ మంచిమనిషి గుర్తుగా దాచుకొన్నానని దినచర్యలో నమోదు చేసుకొన్నాడు.